నీచు తగలని కత్తి

నా జేబులో ఎప్పుడూ ఒక మడతకత్తి ఉంటుంది. ఖరీదైనదేం కాదు. అమెరికాలో మేముండే షామ్‌బర్గ్‌లో, ఇంటికి దగ్గరగా ఉన్న హార్డ్‌వేర్ షాపులో, బిల్లు కట్టే చోట బ్యాటరీల పక్కన వేలాడుతుంటే కొన్నాను. నేను వెళ్ళింది బల్బు కోసం. బల్బు మరిచిపోయి కత్తితో ఇంటికొచ్చాను. నల్ల ప్లాస్టిక్ పిడి, చూపుడువేలంత బ్లేడు, జేబు అంచుకు పట్టుకునే క్లిప్పు. బొటనవేలితో నెడితే టక్కుమని తెరుచుకుంటుంది. ఆ టక్కు కోసమే దాన్ని కొన్నానని నా భార్య అంటుంది. కాదని నిరూపించడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

పగలంతా నేను చేసేది ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. చేతికి తగిలే పని ఒక్కటీ ఉండదు. అందుకే కాబోలు, ఇంటికొచ్చిన ప్రతి అట్టపెట్టెనూ నేనే కోయాలని పట్టుదల. బియ్యం బస్తా మూతి కుట్టుని కూడా కత్తితోనే కోసేవాణ్ణి.

"ఆ దారం కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడొస్తుంది. ఎవరికైనా తెలుసు," అనేది నా భార్య.

"దారం కొస వెతకడం టైమ్ వేస్ట్."

"మరి కత్తుల వీడియోలు చూడ్డం?"

నేను కత్తి మడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి. అప్పుడు కూడా టక్కుమనేది.

స్నేహితుల ఇళ్ళలో ఏ ఫంక్షనైనా కేకు డబ్బాకి, పూల దండకి, ప్లాస్టిక్ కట్లకి నన్నే పిలిచేవారు. నిజానికి పిలిచేవారు కాదు. కత్తెర కోసం ఎవరైనా సొరుగు లాగిన చప్పుడు వినబడితే చాలు, నేనే వెళ్ళి పక్కన నిలబడేవాణ్ణి.

నేను చెప్పబోయే తప్పు అలా నిలబడటం వల్లే జరిగింది.

మా వీధికి రెండు వీధుల అవతల ఉండే స్నేహితుడింటికి వాళ్ళమ్మగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. ఆవిడ ఏకాదశికి ఏకాదశి పళ్ళు మాత్రమే తింటారు. ఆ పళ్ళు కోసే చాకు ఇంక దేనికీ వాడరు. మాంసం తగిలిన కత్తితో కోసిన పండు ముట్టరు. అలా ముప్పై ఏళ్ళుగా, భర్త పోయిన దగ్గర్నుంచి. ఆ చాకుని దేవుడి సామాన్లతో పాటు చేతిసంచిలో పెట్టుకుని విమానం ఎక్కబోయారు. సెక్యూరిటీ వాళ్ళు తీసి చెత్తబుట్టలో పడేశారు. కొడుకింట్లో గిన్నెలు వేరుగా పెట్టుకున్నారు గానీ, ఆ వంటింటి కత్తుల మీద ఆవిడకి నమ్మకం లేదు. అరటిపండు ఒలుచుకుని, కమలాపండు చేత్తో విప్పుకుని కాలం గడిపేవారు. ఆపిల్ అంటే ఇష్టమట. దాన్ని చూస్తూ ఊరుకునేవారు.

ఆవిడ వచ్చిన మూడో నెలలో ఒక ఏకాదశి ఆదివారం పడింది. ఆ రోజు వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. నేను పంచె కట్టుకుని వెళ్ళాను. పంచెకి జేబు ఉండదు కదా, కత్తిని నడుము దగ్గర మడతకి క్లిప్పుతో తగిలించుకున్నాను.

"దేవుడి దగ్గరికి వెళ్తున్నావా, దోపిడీకి వెళ్తున్నావా?" అంది నా భార్య కారులో.

వ్రతకథ పూర్తయ్యాక ఆ పెద్దావిడ ఒక ఆపిల్ చేతిలో పట్టుకుని, వంటింట్లో కత్తుల స్టాండు వైపు చూసి నిట్టూర్చారు. నేను పక్కనే ఉన్నాను. టక్కు.

"భలే ఉందే," అన్నారు ఆవిడ. తర్వాత నా మొహంలోకి చూసి మెల్లగా అడిగారు. "బాబూ, దీనికి నీచు తగల్లేదు కదా?"

ఆ ముందు రోజే మేం నలుగురం ఫామ్‌కి వెళ్ళి మేకను కోయించి వాటాలేసుకొచ్చాం. వ్రతం ఉందని ఈ స్నేహితుడు రాలేదు. అతని వాటా మా ఫ్రీజర్‌లోనే ఉంది. గరాజ్‌లో ఆ మాంసం సంచులు విప్పిందీ, కొవ్వు కోసిందీ ఈ కత్తితోనే. సబ్బుతో రెండుసార్లు కడిగాను, అది నిజం. కానీ ఆవిడ అడిగింది కడిగావా అని కాదు.

"లేదమ్మా. పళ్ళకే వాడతాను," అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. ఆవిడ మీద జాలితో అన్నానని కొన్నాళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు. తెరిచిన కత్తిని వాడకుండా మళ్ళీ మడవడం నాకు నామోషీ అనిపించింది. అంతే.

ఆవిడ దానికి పసుపు రాసి కడిగి, బొట్టు పెట్టి, ఆపిల్‌ని ఎనిమిది ముక్కలు చేశారు. ఆ తినడం చూస్తే నా తప్పు నాకే పుణ్యంలా కనిపించింది. తిరిగి ఇచ్చేటప్పుడు కత్తిని నా చేతికివ్వలేదు, గట్టు మీద పెట్టారు. కత్తి చేతికిస్తే గొడవలొస్తాయట.

అప్పట్నుంచి ప్రతి ఏకాదశికీ ఫోన్. "బాబూ, ఆఫీస్ నుంచి వచ్చేటప్పుడు ఒకసారి ఆ చాకు తెస్తావా?" పక్షానికోసారి నా అబద్ధాన్ని కడిగి, తుడిచి, పట్టుకెళ్ళేవాణ్ణి. ఇక దీనితో మాంసం ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. మూడు వారాలు నిలిచింది. ఒక సాయంత్రం చికెన్ ప్యాకెట్ చించడం రాక, చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. చేతుల మీద తప్పు నెట్టడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

ఆరో ఏకాదశి నాడు ఆవిడ నాకు కాఫీ ఇచ్చి అన్నారు: "వచ్చే ఏకాదశి వెళ్ళాక రెండు రోజులకే నా ప్రయాణం. ఈ చాకు నాకిచ్చెయ్యి బాబూ. నీకు కొత్తది కొనిమ్మని మావాడికి చెప్తాను. ఎవరైనా అడిగితే, అమెరికాలో నా రెండో కొడుకు ఇచ్చాడని చెప్పుకుంటాను."

కాఫీ కప్పు గట్టు మీద పెట్టేశాను. ఇంటికొచ్చి నా భార్యకి మొత్తం చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఆరుసార్లా?"

"ఆరు."

"ఇప్పుడు చెప్తే నీ మనసు తేలికవుతుంది. ఆవిడకి బరువవుతుంది. అదే మోడల్ కొత్తది కొనిచ్చెయ్. ఆవిడకి కావాల్సింది శుభ్రమైన చాకు, నీ ఆత్మకథ కాదు."

ఆ మాటలో న్యాయం ఉంది. వెళ్ళి కొన్నాను. ఏకాదశి రోజు వాళ్ళింటి ముందు కారు ఆపి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాని పిడి మీద ఒక పొడవాటి గీత ఉంది. ప్యాకెట్‌లోంచి కనిపిస్తున్న కొత్తదాని మీద లేదు. ఆవిడ కనిపెట్టేస్తారు. ప్యాకెట్ విప్పాక పిడి మీద కారు తాళంతో అలాంటి గీతే గీద్దామని తాళం చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు సిగ్గేసింది. అబద్ధం చెప్పడంతో ఆగక, దానికి పాతదనం కూడా పూయబోయాను. విప్పని ప్యాకెట్ అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళాను.

ఆవిడ ఒక్కరే ఉన్నారు. పళ్ళెంలో ఆపిల్ సిద్ధంగా ఉంది. నిలబడే చెప్పేశాను.

"మేకా?"

"మేకమ్మా. తర్వాత ఒకసారి చికెన్."

"అది కూడానా."

"ప్రతిసారీ కడిగే తెచ్చానమ్మా."

"కడిగితే పోయేదైతే నిన్ను అడిగేదాన్నా?" గొంతు పెంచలేదు. "ఆయన పోయిన దగ్గర్నుంచి ఒక్క ఏకాదశీ తప్పలేదు బాబూ."

క్షమించమని అడగడం కూడా ఆవిడ మీద ఇంకో పని పెట్టినట్టు అనిపించింది. తల దించుకుని నిలబడ్డాను. బయట ఎవరో మంచు తోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆవిడ నా ప్యాకెట్ వైపు చూసి అడిగారు, "చేతిలో అదేంటి?"

"కొత్తదమ్మా. ఇంకా విప్పలేదు."

"విప్పు. నా కళ్ళ ముందు విప్పు."

ఇక్కడి దుకాణాల్లో కత్తిని గట్టి ప్లాస్టిక్ చిప్పలో పెట్టి నాలుగు వైపులా అతికించి అమ్ముతారు. కత్తి ప్యాకెట్ విప్పాలంటే ఇంకో కత్తి కావాలి. అలవాటుగా నా చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"దాంతోనా?" అన్నారు.

చెయ్యి బయటికి తీశాను. సొరుగు లాగి కత్తెర తీశాను.

"దాంతో మా కోడలు కోడి కాళ్ళు కత్తిరిస్తుంది."

కత్తెర లోపల పెట్టేశాను. గోళ్ళతో లాగాను, కదల్లేదు. ప్యాకెట్ మూల నోటి దాకా తీసుకెళ్ళాను.

"ఎంగిలి."

ఇన్నాళ్ళూ ఊళ్ళో అందరి పెట్టెలూ విప్పిన నేను, రెండు ప్లాస్టిక్ చిప్పల మధ్య అరచెయ్యంత కత్తిని బయటికి తియ్యలేక చెమటలు కక్కాను. చివరికి కారు తాళం మూలలో గుచ్చి మెలితిప్పాను. ప్లాస్టిక్ చీలింది. దాని అంచు నా బొటనవేలినీ చీల్చింది.

ఆవిడ పసుపు డబ్బా తెచ్చి చిటికెడు నా వేలి మీద అద్దారు. "కత్తి ఇంకా తెరవనేలేదు, అప్పుడే తెగింది," అన్నారు. కొత్త కత్తిని నేను గట్టు మీద పెట్టాను. ఆవిడ దాన్ని తీసుకుని కడిగి, పసుపు రాసి, ఆపిల్ కోయడం మొదలుపెట్టారు. టక్కు మాత్రం ఆవిడ చేతిలో రాలేదు, రెండు చేతులతో మెల్లగా విప్పుకున్నారు.

"మరి నియమం అమ్మా?" అని అడిగాను.

"ఏముంది, మళ్ళీ మొదలు. ఇవాళ ఒకటి."

డెబ్బై దాటిన మనిషి ఒకటి అని అనడం విని నాకు కళ్ళెత్తి చూడటం కష్టమైంది.

ఆవిడ ఒక ముక్క తిని, అడిగారు. "పొద్దున ఏం తిన్నావు?"

"ఆమ్లెట్ అమ్మా."

చెయ్యి ఆగింది. నా వైపు చూశారు. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆవిడ మొహంలో నవ్వులాంటిది కనబడింది.

"అడక్కుండా ఉండాల్సింది," అని, నాలుగు ముక్కలు వేరే పళ్ళెంలో పెట్టి, నా చెయ్యి తగలకుండా గట్టు మీద నా వైపు తోశారు.