మలుపులో పడిపోయిన ముల్లు

1974 జూలైలో, కాలువలకు నీళ్లు వదిలిన వారం, కంకిపాడు దాటాక ఒక పొడుగాటి ఎడమ మలుపులో కారు ఆయిల్ ప్రెషర్ గేజి ముల్లు యాభై నుంచి పదికి పడిపోవడం చూశాను. మలుపు అయిపోగానే ముల్లు మళ్లీ యాభైకి లేచింది. "ఆపండి సాంబయ్యగారూ," అన్నాను.

అప్పుడు నేను విజయవాడలో ఒక కార్ల వర్క్‌షాపులో సర్వీస్ అసిస్టెంటును. వచ్చిన ప్రతి కారుకూ జాబ్ కార్డు రాయాలి. పని అయ్యాక అన్నీ సరిచూసినట్టు దాని మీద సంతకం పెట్టాలి. ఫిజిక్సుతో బీయస్సీ చదివిన ఆడమనిషి ఆ కుర్చీలో కూర్చోవడం చాలామందికి వింత. మూడో కాన్పుతో ఉద్యోగం మానేశాను. పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను.

ఆ కారు చల్లపల్లి దగ్గర రైసుమిల్లు ఉన్న ఒకాయనది. పాత విదేశీ స్పోర్ట్స్ కారు, నడిపేది సాంబయ్య. ఆ ఉదయం యజమాని మా షెడ్డులో అందరి ముందూ అన్నాడు: "వీడు రేసుగుర్రాన్ని తోలినట్టు తోలి నా ఇంజన్ని చంపేశాడండీ. నాలుగు నెలలుగా గేజి ముల్లు పడిపోతోంది. బేరింగులు పోయాయని ఒక్క ముక్క రాసివ్వండి, రేపట్నుంచి వీడికి సెలవు." సాంబయ్య కుటుంబం ఉండేది మిల్లు ఆవరణలోని గదిలోనే. పని పోతే గదీ పోతుంది.

మా హెడ్ మేస్త్రీ కూడా తొందరపెట్టాడు. "రాసెయ్యండి అమ్మాయిగారూ. ముల్లు పడితే బేరింగే. బీయస్సీలో వేరే ఏమైనా చెప్పారేంటి?" చూడకుండా రాయనని చెప్పి రోడ్డు టెస్టుకు బయలుదేరాను.

ఇంజన్ అడుగున సంపు అనే తొట్టిలో ఆయిల్ నిలుస్తుంది. పంపు దాన్ని పీల్చి, తిరిగే ఇరుసును మోసే బేరింగుల సందుల్లోకి నెడుతుంది. ఆ ఇరుకు సందుల్లో ఆయిలుకు ఎదురయ్యే అడ్డే గేజి మీద ప్రెషరుగా కనిపిస్తుంది. బేరింగులు అరిగి సందులు పెరిగితే ప్రెషరు తగ్గుతుంది. పాత ఇంజను వేడెక్కి, బండి నిలబడి ఉన్నప్పుడు ముల్లు కొంచెం దిగినా భయం లేదు. వేగంలో ఉన్నప్పుడు పడిందంటే ఆగాలి. కాసేపట్లో బేరింగులు కాలి ఇంజను పట్టేస్తుంది.

సాంబయ్య కారు ఆపి, ఆయిల్ సంపులోకి దిగాక బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగాడు. ఆయిల్ మట్టం చూసే సన్నని ఇనప బద్ద అది. "చూడండమ్మా, గీత దాకా ఉంది. రోజూ పొద్దున్నే అయ్యగారి ఎదరే తుడిచి చూపిస్తాను. ఇంకేం చెయ్యమంటారు నన్ను?"

గట్టున నిలబడి ఆలోచించాను. బేరింగులు అరిగితే, ఇంత వేడి మీద, తిన్నని రోడ్డు మీద కూడా ముల్లు కిందే ఉండాలి. అక్కడ యాభై ఉంది. పడేది మలుపులోనే. మలుపులో ఆయిల్ సంపులో ఒక పక్కకు జరుగుతుంది. ఆయిల్ తక్కువైతే అప్పుడు పంపుకు ఆయిల్ బదులు గాలి అంది, ముల్లు పడుతుంది. కానీ బద్ద మీద ఆయిల్ నిండుగా ఉంది.

మెల్లగా షెడ్డుకు తిరిగొచ్చి, సంపు ఖాళీ చేసి ఆయిల్ కొలవమన్నాను. మేస్త్రీ నవ్వుతూనే కొలిచాడు. కారుతో వచ్చిన పుస్తకం ప్రకారం ఏడు లీటర్లుండాలి. నాలుగున్నరే వచ్చింది. మేస్త్రీ నవ్వు ఆపేశాడు.

పాత జాబ్ కార్డు తీశాను. నాలుగు నెలల కిందట అసలు బద్ద విరిగితే, విడిభాగం దొరక్క, వేరే కారుది పెట్టాం. అది పొడుగెక్కువ. దాని గీత కిందికుంటుంది కాబట్టి, తక్కువ ఆయిలుకే నిండినట్టు చూపిస్తుంది. బద్ద మారిస్తే, కొలిచి ఆయిల్ పోసి, ఆ మట్టానికి ఆకురాయితో కొత్త గీత పెట్టాలి. మేస్త్రీ పెట్టలేదు. పెట్టాడో లేదో నేను అడగలేదు. కింద నా సంతకం ఉంది.

"కార్డు లోపల పెట్టెయ్యండి," అన్నాడు మేస్త్రీ మెల్లగా. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆ జీతం మా ఇంటికి అవసరం. అయినా సాయంత్రం యజమాని రాగానే కార్డు ఆయన చేతిలో పెట్టి, తప్పు మాదనీ, ఆ సంతకం నాదనీ చెప్పాను.

ఆయన కార్డు మీద తేదీ చదివాడు. "మరి నాలుగు నెలలుగా వీణ్ణి తిట్టిన తిట్లన్నీ?"

"పర్లేదండీ, చాలావరకు వినలేదు," అన్నాడు సాంబయ్య.

ఏడు లీటర్లు పోసి, కొత్త గీత పెట్టి, యజమానిని వెనక ఇరుకు సీట్లో కూర్చోబెట్టుకుని అదే మలుపుకు వెళ్లాం. ముల్లు యాభై దగ్గర కదలకుండా నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయనే, "కొంచెం వేగంగా పోనివ్వవయ్యా," అన్నాడు.

నేను నేర్చుకున్నది ఇది: ముల్లు ఎంత పడిందన్నదొక్కటే చాలదు, ఎప్పుడు పడిందో కూడా రాసుకోవాలి. కొలిచే సాధనం మారిస్తే ముందు దాన్ని కొలవాలి.

మర్నాడు పొద్దున్న జడ వేయించుకుంటూ మా పెద్దమ్మాయి, ఇవాళ కూడా ఉద్యోగానికి వెళ్తావా అని అడిగింది. రాత్రి మా అమ్మతో నేను చెప్పినదంతా విన్నట్టుంది. చిన్నవాడు కూడా పాలగ్లాసు పట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"వెళ్తాను," అన్నాను. "నేను చూడకుండా ఒక సంతకం పెట్టానని నిన్న తెలిసింది. ఇంకెన్ని పెట్టానో, పాత కార్డులన్నీ తీసి చూడాలి. ఆలస్యమవుతుంది. అమ్మమ్మని సతాయించకండి."