మంగకు వేసిన మందు

ఇరవై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఆదివారాలు మందిరంలో మోకరించినప్పుడు కూడా దీన్ని తప్పించి మిగతా పాపాలన్నీ చెప్పుకున్నాను.

ఇప్పుడు యానాంలో, ఫరంపేటలో ఉంటున్నాను. ఉద్యోగం చేసింది మాత్రం వేరే నగరంలో, జూలో కాంపౌండరుగా. అది ఒకప్పుడు రాజుగారి తోట. ఆయన సరదాకి పెంచిన పులులూ ఎలుగులూ నెమళ్ళూ తరవాత మునిసిపాలిటీ చేతికొచ్చాక ఆ తోటే ఊరందరి జూ అయింది. మా దగ్గర ఎలుగుబంట్లను చూసుకునే సింహాచలం అనే పెద్దాయన ఉండేవాడు. అతని తాత రాజుగారి జంతువులకు మేత వేసినవాడు. తండ్రీ అంతే.

చుట్టూ ఇళ్ళు పెరిగిపోయి, బోనులు మరీ ఇరుకని, జూ మూసేసి జంతువుల్ని ఊరి బయట కొత్త పార్కుకి తరలించమన్నారు. ఎలుగుల్లో మంగ అనే ముసలిది ఒక్కటే మిగిలింది. లారీ ఎక్కించే ముందు మత్తుమందు ఇవ్వాలి. బరువు తూచి ఇవ్వమని చెప్పి డాక్టరుగారు వేరే లారీ దగ్గరికి వెళ్ళారు. నేను తూచలేదు. కాటా తోట అవతల ఉంది. ఎండెక్కుతోంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పాత రిజిస్టరులో ఉన్న బరువు చూసి మందు ఎక్కించాను. ఆ ఏడాది మంగ ఎంత చిక్కిపోయిందో నాకు తెలియదా? తెలుసు. రోజూ చూస్తున్నవాణ్ణే. మరెందుకు? బద్ధకం. అంతకంటే మర్యాదైన మాట దొరుకుతుందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను. దొరకలేదు.

లారీ గేటు దాటకముందే మంగ ఊపిరి ఆగిపోయింది.

మత్తు ఇచ్చే రోజు జంతువుకు మేత పెట్టకూడదు, పెడితే మత్తులో కక్కుకుని ఊపిరాడక చావొచ్చు. పొద్దున సింహాచలం అరటిపళ్ళు పెట్టాడని విచారణలో చెప్పాను. అతను నా వైపు తిరిగాడు.

"బాబూ, నేను పెట్టడం మీరు సూశారా?"

"చూశాను."

"మీ కళ్ళతోనే?"

"ఆఁ. నా కళ్ళతోనే."

"మీరు సూశానంటే ఇంకేం సెప్తానండీ," అన్నాడు. తిట్టినా బాగుండేది.

అతన్ని పనిలోంచి తీసేశారు. మూడు తరాల కొలువు అక్కడితో సరి. మార్కెట్లో మూటలు మోస్తున్నాడని తరవాత విన్నాను. వెళ్ళి చూడలేదు. కొన్నాళ్ళకు పోయాడనీ విన్నాను. అప్పుడూ వెళ్ళలేదు.

పోయిన వారం ఆ నగరం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. పాత జూ చరిత్ర పుస్తకంగా రాస్తోందట. రాజుగారి కబుర్లన్నీ హుషారుగా చెప్పాను. రాసిన పేజీలు వాట్సాప్‌లో పంపి, తప్పులుంటే చూడమంది. కాపరి నిర్లక్ష్యం వల్ల చివరి ఎలుగు చనిపోయిందని ఉంది, సింహాచలం పేరుతో సహా. "బాగుందమ్మా" అని జవాబు పెట్టాను. చూశారా, రెండోసారి కూడా! ఈసారి నన్ను తొందరపెట్టిన వాళ్ళెవరు?

మూడు రోజులు ఆ పేజీనే మళ్ళీ మళ్ళీ తెరిచి చూశాను. ఈ ఉదయం నేనే ఫోన్ చేసి ఆ వాక్యం అబద్ధమనీ, అబద్ధం నాదేననీ చెప్పాను. ఆ అమ్మాయి మళ్ళీ ఒకసారి చెప్పించుకుని రాసుకుంది. దిద్దుతానంది. సింహాచలం కూతురు ఆ ఊళ్ళోనే ఉందనీ, ఆమెకు మాత్రం నేనే చెప్పాలనీ అంది. నంబరు పంపింది. ఆమె ఏమంటుందో తెలియదు. క్షమించమని అడగడానికి నాకు నోరెక్కడిది?

ఫోన్ పెట్టేసి వీధరుగు మీద కూర్చున్నాను. లోపల నా భార్య చేటలో బియ్యం చెరుగుతోంది. ఆమెకూ ఎన్నడూ చెప్పలేదు. "మందు నేనే ఎక్కువ వేశాను. సింహాచలం ఏమీ పెట్టలేదు," అన్నాను, లోపలికి వినబడేలా. చేట చప్పుడు ఆగింది.