ఇంగ్లీషు డెస్కులో రహస్యపు సొరుగు

ఎవరో పోయాక ఇంట్లో సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్‌లో కొన్న నా ఇంగ్లీషు రైటింగ్ డెస్క్ నూట యాభై ఏళ్ళ నాటిది. ఒక్క మేకు లేకుండా చెక్కలో చెక్క దూర్చి బిగించారు. అమెరికాలో మేముండే ఈ క్యారీలో అలాంటిది ఇంకెవరింట్లోనూ ఉండదని నా నమ్మకం.

ఈ మధ్యాహ్నం పక్కింటాయనకి ఆ గొప్పలన్నీ చెప్పి, చివరికి రహస్యపు సొరుగు చూపించబోయాను. అది కనిపెట్టడానికి నాకే రెండు వారాలు పట్టింది. మీట నొక్కగానే సొరుగు బయటికొచ్చింది. లోపల టిష్యూలో చుట్టిన మూడు సున్నుండలు!

ఇండియా నుంచి వచ్చి నాలుగు రోజులైన మా అత్తగారికి షుగర్.

"ఏంటమ్మా ఇవి?" అంది మా ఆవిడ.

"నాకేం తెలుసే? ఆ ఇంగ్లీషు వాళ్ళు పెట్టి మర్చిపోయుంటారు," అన్నారు అత్తగారు తొణక్కుండా.

నూట యాభై ఏళ్ళయినా నెయ్యి వాసన పోలేదు. పనితనమంటే అదీ!

సాయంత్రం అత్తగారు టీ ఇస్తూ మెల్లగా అడిగారు. "బాబూ, మా పుట్టింటి భోషాణంలో ఇలాంటి దొంగ అరలు రెండుండేవి. దీనికీ రెండోది ఉందా?"

ఉంది. కానీ అందులో నేను ఉగాదికి మానేసిన సిగరెట్లున్నాయి.

మా ఆవిడ నా పోస్టులు చదవదు కాబట్టి అడుగుతున్నాను, అత్తగారికి ఏం చెప్పమంటారు?