దమ్మున్నోడు

మా బావ నా పేరు కొట్టేసిన చోటు సిరిసిల్లలో ఇప్పటికీ ఉంది. అప్పుడది చాయ్ హోటల్, ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ఆ రోజు నవ్వినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే గుర్తొస్తాయి.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. మా వాడ నుంచి కోరుట్ల మీదుగా జగిత్యాలకు మూడు రోజుల పాదయాత్ర అనుకున్నారు. పేర్లు రాసే పని మా అక్క మొగుడిది. నేను సాంచాల మీద బట్ట నేసేవాణ్ని. కరెంటు మగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. ఏళ్ల తరబడి దూది నూగు పీల్చి, పైన బీడీలు తాగి, మెట్లెక్కితే రొప్పే స్థితికి వచ్చాను. అయినా పేరు ఇచ్చాను. బావ రాసినట్టే రాసి అడ్డంగా గీత గీశాడు.

“ఏంది బావా, కొట్టేసినవ్?”

“మా బామ్మర్దికి మస్తు దమ్మున్నది, అందుకే వద్దంటున్న,” అన్నాడు అందరికీ వినపడేలా.

హోటలంతా నవ్వింది. దమ్మంటే ధైర్యం, మా దగ్గర ఆయాసం జబ్బునూ దమ్మే అంటారు. “తొవ్వల పడితే జెండా మొయ్యాల్నా, నిన్ను మొయ్యాల్నా?” అని పక్కవాడొకడు అందుకున్నాడు. చాయ్ సగంలో వదిలేసి లేచాను. బావ తమాషాకు అన్నాడని అక్క సర్దిచెప్పింది. తమాషాకు నేనే ఎందుకు దొరికానో చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఐదింటికి మానేరు వంతెన వైపు నడిచాను. మూడో కరెంటు స్తంభం దగ్గర కూలబడ్డాను. రెండో రోజూ అక్కడే. పాలు పోసే ఆమె “ఏందన్నా, బస్సు దొరుకలేదా?” అని నవ్వుతూ పోయింది. ఆమెనూ గుర్తుపెట్టుకున్నాను. వారానికో స్తంభం పెంచుకుంటూ పోయాను. బీడీ మానమని ఇంట్లో ఎంత మొత్తుకున్నా వినని నేను, పొద్దున బీడీ తాగిన రోజు ఒక స్తంభం తగ్గుతోందని తెలిశాక మానేశాను. బంద్‌లకు సాంచాలు ఆగాయి, బస్సులు ఆగాయి. నా నడక ఆగలేదు.

నడిస్తే మనసు తేలికపడుతుందని నా ఆయాసానికి మందులిచ్చే డాక్టరు అన్నాడు. సగమే నిజం. వంతెన దాకా బావను తిట్టుకుంటూ పోయేవాణ్ని. తిరిగి వచ్చేటప్పుడు తిట్టాలనిపించేది కాదు. ఇంటి సందు మలుపులో కోపం మళ్లీ దొరికేది. కానీ రోజుకో అరగంట ఎవరి మీదా పగ లేకుండా ఉండడం నాకు కొత్త. నిద్ర పట్టసాగింది. పిల్లల మీద చెయ్యెత్తడం మానాను.

వాయిదా పడుతూ వచ్చిన యాత్ర చలికాలంలో బయలుదేరింది. నన్నెవరూ పిలవలేదు, నేను మళ్లీ పేరివ్వలేదు. గుంపుకు ఇరవై అడుగుల వెనక నడిచాను. కోరుట్ల చేరకముందే బావ కాళ్లు బొబ్బలెక్కాయి. మైకు కట్టిన ఆటో ఎక్కాడు. ఆటో నన్ను దాటుతుంటే మొహం అటు తిప్పుకున్నాడు. జగిత్యాల పొలిమేరలో దిగి, కండువా సర్దుకుని ముందు వరుసలోకి పోయాడు. దండ ఆయన మెడలో పడింది. పేపర్లో ఫోటో ఆయనదే వచ్చింది. మూడు రోజులూ నడిచిన నేను అందులో లేను.

ఆ సాయంత్రం నలుగురిలో, “మా బామ్మర్ది నిజంగనే దమ్మున్నోడు” అన్నాడు. ఆటో సంగతి మాత్రం ఎత్తలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి ముందరి గదిలో పెట్టుకున్నాడు. పోయినేడు ఆయనకు షుగర్ బయటపడింది. అక్క వచ్చి, “తమ్మీ, మీ బావను పొద్దుగాల నడకకు నీతోని తోల్కపోరా, ఒక్కడు పోనంటుండు” అంది.

“ఐదింటికి గడప దాటుత. ఎవ్వలకోసం ఆగ” అన్నాను.

మొదటి రోజు ఆలస్యంగా వచ్చాడట. అప్పటికే వెళ్లిపోయాను. రెండో రోజు ఐదుకు ముందే వచ్చి నిలబడ్డాడు. ఇద్దరం వంతెన వైపు నడిచాం. మూడో స్తంభం దగ్గర కూలబడ్డాడు.

“దమ్మస్తున్నది బామ్మర్దీ, జర ఆగు.”

ఇన్నేళ్లు దాచుకున్న మాట నాలుక చివరికి వచ్చింది. కానీ అక్కడ నవ్వడానికి ఎవరూ లేరు. ఆయన అన్నప్పుడు హోటల్ నిండా ఉన్నారు.

“రేపు ఐదింటికే” అని చెప్పి వంతెన వైపు సాగిపోయాను.