తెరిచి ఉంది, మూశాను

తొమ్మిదేళ్లుగా ఒక చిన్న నోటుపుస్తకం నా బీరువాలో చీరల అడుగున ఉంది. బట్టలు సర్దిన ప్రతిసారీ చెయ్యి దానికి తగులుతుంది. వెనక్కి తీసుకుంటాను. అందులో నా చేత్తో రాసిన తొమ్మిది పంక్తులున్నాయి. వాటి సంగతి ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే.

ఖరగ్‌పూర్ రైల్వే స్టోర్సు ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు రిజిస్టర్లు రాశాను. అక్కడ మాకొక అలవాటు ఉండేది. మనిషి లేని బల్ల మీద రిజిస్టరు తెరిచి కనిపిస్తే, అటుగా వెళ్లేవాళ్లు మూసేయాలి. నేను మూయడమే కాదు, వదిలేసి పోయిందెవరో, ఎన్ని గంటలకో రాసుకునేదాన్ని కూడా.

రిటైరయ్యాక అదే ఊళ్లో ఇందా అనే పేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కాగితాలు చూసే పనికి కుదిరాను. వాళ్లు మందుల షాపులకు ప్రోగ్రాం తయారు చేసేవారు. యజమాని బెంగాలీ, అన్నగారన్నట్టు అందరికీ దాదా. అక్కడే పనిచేసే గౌరి నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల లైన్లో పిల్ల, ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు కూతురు. ఆ ప్రోగ్రాంను పని మధ్యలో మూసేస్తే కూలిపోతుందా, అంటే బిగుసుకుని ఆగిపోతుందా అని చూడడం ఆమె పని. దానికోసం ఇంకో ప్రోగ్రాం రాసింది. అది మందుల ప్రోగ్రాంను తనంతట తనే తెరిచేది, పూర్తిగా తెరుచుకున్నాక కాస్త పని చేయించి హఠాత్తుగా మూసేది, కూలితే టైముతో సహా రాసిపెట్టేది, మళ్లీ తెరిచేది. దాన్ని నడవనిచ్చి గౌరి మధ్యాహ్నం భోజనానికి వెళ్లేది. ఇదంతా నాకు ఒకసారి చెప్పింది. నేను సరిగా వినలేదు. విన్నంత కూడా నమ్మలేదు.

మనిషి లేకుండా జరిగేది పనేనా? ఖాళీ కుర్చీ ముందు తెర దానంతట అది వెలుగుతూ ఆరుతూ ఉండేది. పని ఎగ్గొట్టడానికి ఇదొక నాటకమనుకున్నాను. వెళ్లి, మూలనున్న గుర్తు నొక్కి మూసేదాన్ని. ‘గౌరి మెషిన్. తెరిచి ఉంది, మూశాను’ అని టైము వేసి నా నోటుపుస్తకంలో రాసేదాన్ని, ఎప్పటికైనా దాదాకు చూపించవచ్చని. ఆ నెలలో తొమ్మిది సార్లు.

అదే నెలలో ప్రోగ్రాం అయిదు సార్లు కూలింది. ఎందుకో గౌరికి అంతుపట్టలేదు. ఎదురుగా కూర్చుని చూస్తే ఒక్కసారీ కూలేది కాదు. షాపులకు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది, దాదాకు విసుగు పుట్టింది. ఉద్యోగం పొడిగించుకోవడానికి ఆ పిల్లే తప్పులు పుట్టిస్తోందేమో చూడమని ఆయన చెవిన వేసింది నేనే.

మర్నాడు గౌరి అయిదు టైములు రాసిన కాగితంతో నా బల్ల దగ్గరికి వచ్చింది.

“పిన్నీ, మద్దేనం నాను లేనప్పుడు నా మెషిన్ కాడికి ఎవులైనా వచ్చినారేటి? ఓపాలి మీ పుస్తకం సూడండి.” నవ్వబోయింది. “మా నాన్న షెడ్డుకి లేటుగా ఎల్లింది కూడా మీ పుస్తకంలో ఉంటాదని అంటారు మా లైన్లో.”

పుస్తకం తీశాను. నా గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుంది. ఆ రెండూ తీసేసి చూశాను. అయిదూ ఉన్నాయి. మిగిలిన నాలుగు సార్లు అది పూర్తిగా తెరుచుకున్నాక మూసి ఉంటాను. ఈ అయిదు సార్లు తెరుచుకుంటూ ఉండగానే మూశాను. ఆమె పరీక్ష అంత ముందుగా ఎప్పుడూ మూయలేదు. ఆమె వెతుకుతున్న లోపం నా వేలికి దొరికింది. ఆ మాట ఒక్కటి చెబితే ఆమె పేరు నిలబడేది, లోపమూ బయటపడేది.

“ఎవులూ రాలేదే,” అన్నాను.

“నిజంగా ఎవులూ?”

“వస్తే రాసుందును గదేటి.”

“ఠీక్ హై పిన్నీ. మీరు రాయలేదంటే రానట్టే.”

శనివారం దాదా ఆమెను మానేయమన్నాడు. దొంగ తప్పులు చూపించిందన్న మాట నిమ్‌పురా దాకా పాకింది. ఆ తర్వాత ఆమె ఏ ఊళ్లో ఏం చేస్తోందో నేను కనుక్కోలేదు. అన్నీ రాసుకునేదాన్ని, అది మాత్రం కనుక్కోలేదు.

ఎందుకు అబద్ధమాడాను? దాదా మహా అయితే నవ్వేవాడు. ముప్ఫై నాలుగేళ్లలో నా రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత లేదు. దానికోసమేనా? లేక ఆ పిల్ల తప్పుచేసిందని తేలాలని అంతగా కోరుకున్నానా? రెండోదేనని నా అనుమానం.

పోయిన నెల సుభాష్‌పల్లిలో మందుల షాపుకు వెళ్లాను. అదే ప్రోగ్రాం. షాపతను తొందరలో అది తెరుచుకోకముందే మూశాడు. తెర బిగుసుకుపోయింది. బల్ల మీద కొట్టి, దాన్ని తయారుచేసినవాళ్లను తిట్టాడు. నేను చీటీ పట్టుకుని నిలబడ్డాను.

ఇది కూడా నా మనసు తేలిక చేసుకోవడానికే రాస్తున్నానేమో. గౌరి కంటపడకూడదనే నా పేరు పెట్టడం లేదేమో. మీరు నన్ను నమ్మనక్కర్లేదు.

ఇవాళ పుస్తకం బయటికి తీశాను. గౌరి అడిగిన రోజు పేజీలో కింద ఖాళీ ఉంది. పదో పంక్తి రాశాను: ‘గౌరి అడిగింది. చూసి కూడా, లేదన్నాను.’ ఇవాళ్టి టైము కూడా వేశాను, రెండు నిమిషాలు తీసేసి. పుస్తకాన్ని మూయకుండా బల్ల మీదే ఉంచాను.