అద్దం అత్త సంతకం

ఆమె చేతులకు ఎప్పుడూ సీసం వాసనే. అచ్చాఫీసులో కిటికీ పక్కన గళ్ళపెట్టె ముందు నిలబడి, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలుగా పేరుస్తూ ముప్పై ఏళ్ళు గడిపేసింది. బడి మొహం చూసింది లేదు. పక్కనే పనిచేసే మొగుడే ఆమెకు అక్షరాలు చూపించాడు.

ఊరి ఓటర్ల జాబితా అచ్చయ్యేది అక్కడే. మొదట్లో నాలుగే కాగితాలు, సొంత ఇల్లున్న మగవాళ్ళవి. తర్వాత చదువొచ్చిన మగవాళ్ళను చేర్చారు. మొగుడి పేరు ఆమే పేర్చింది. మధ్యాహ్నపు ఎండ అక్షరాల మీద పడితే చాలు, ఆ పేర్లన్నీ లేచి వీధుల్లోకి మెల్లగా నడిచిపోతున్నట్టు ఉండేది ఆమెకు. ఆ నడిచేవాళ్ళలో తనను వెతుక్కునేది. దొరికేది కాదు.

"నీ తరఫున కూడా వేశాననుకోవే," అనేవాడు మొగుడు ఓటేసి వచ్చి.

"నీది నీదే. నాది నాకు కావాలి."

చివరికి చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళకూ ఓటన్నారు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్ళి అధికారి ముందు తన పేరు రాసింది. కలం పట్టడం అదే మొదలు. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈమెకు అక్షరం ముక్క రాదు" అని రాసుకుని పంపేశాడు. పొద్దస్తమానం అక్షరం ముక్కలతోనే బతికే మనిషిని! తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి మళ్ళీ రాసింది. మొగుడు ఆ కాగితాన్ని అద్దం ముందు పెట్టాడు. అద్దంలో ఆమె పేరు ముత్యాల్లా మెరిసింది. సీసపు అచ్చు మీద అక్షరం కుడిఎడమలు తిరగబడి ఉంటుంది కదా, ఆమె చేతికి తెలిసింది ఆ రూపమే. మొగుడు పగలబడి నవ్వాడు, ఆమె భోరుమంది. కథ వీధంతా పాకింది, ఆమె అందరికీ అద్దం అత్త అయి కూర్చుంది, అసలు పేరు ఊరు మరిచేపోయింది. సవ్యంగా రాద్దామంటే చెయ్యి మాట వినలేదు. మళ్ళీ పరీక్షకు వెళ్ళమంటే ఆమే వినలేదు, అంత మొండిఘటం.

మొగుడు పోయిన నాలుగేళ్ళకు ఆ పరీక్ష ఎత్తేశారు. వయసొస్తే చాలు, అందరికీ ఓటు. జాబితా లావుపాటి పుస్తకమైంది. తన పేరు దగ్గరకొచ్చేసరికి వేళ్ళ మధ్యనుంచి ఒక అక్షరం జారిపడింది. మోకాళ్ళ మీద కూర్చుని వెతికి మరీ పెట్టింది.

ఓట్ల రోజున బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఓటరు చీటీ, సిరాడబ్బా ముందుకు జరిపింది. "వేలిముద్ర వేసినా చాలు అత్తా."

"సంతకం చేస్తాను."

చేసింది, తనకు వచ్చినట్టే. అమ్మాయి చీటీ చూసి తికమకపడింది. ఆనాడు అధికారికి చెప్పడం తెలియని మాట ఇప్పుడు చెప్పింది.

"వెలుగుకు పట్టుకుని వెనకనుంచి చదువమ్మా."

అమ్మాయి చీటీని తిప్పి కిటికీ వైపు ఎత్తింది. కాగితంలోంచి ఎండ దిగింది. గదిలో అందరికీ వినపడేలా ఆ పేరు గట్టిగా చదివింది.

"ఎవరే ఆవిడ?" అంది వరసలో ఉన్న పొరుగింటామె.

"నేనే," అంది అద్దం అత్త, ఓటు కాగితం కోసం చెయ్యి చాపుతూ.