యాకయ్య పెద్దబాపు కొన్న ముందద్దం

సాయంత్రం ఆరింటికి యాకయ్య పెద్దబాపు కంప్యూటర్ ముందు కూర్చునే ముందు బండి చూసుకుంటాడు. డ్యూటీ ఎక్కే డ్రైవర్ బస్సు చుట్టూ ఒకసారి తిరుగుతాడు కదా, అలాగన్నమాట. గోడకు ఆనించిన బల్ల చుట్టూ తిరగడం కుదరదు కాబట్టి ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి వంగి వెనక్కి చూస్తాడు. కుర్చీ చక్రాన్ని బూటుతో తన్ని, గాలి సరిపోయిందన్నట్టు తలూపుతాడు. ఇంట్లో బూట్లేమిటని అడిగే ధైర్యం మా సమ్మమ్మ పెద్దమ్మకే ఉంది. ఆమె రోజూ అడుగుతుంది. ఆయనకు రోజూ వినపడదు.

పెద్దబాపు, అంటే మా పెద్దనాన్న, ఇరవై ఆరేళ్లు హన్మకొండ నుంచి ఏటూరునాగారం బస్సు నడిపాడు. మూడేళ్ల కింద షుగర్ కుడికంటి దాకా పాకింది. పరీక్షలో డ్రైవింగ్‌కు పనికిరాడని తేల్చి డిపోలో టైర్ల సెక్షన్‌కు మార్చారు. ఆ ఏడాదంతా ఆయన ఇంట్లో ఎక్కువగా మాట్లాడలేదు. అప్పుడు మా అక్క నవ్య, అంటే ఆయన కూతురు, యానిమేషన్ కోర్సు కోసం కొనుక్కున్న తన కంప్యూటర్‌లో బస్సు నడిపే ఆట ఒకటి పెట్టిచ్చింది. ఆఫీసు వాళ్లు లాప్‌టాప్ ఇవ్వడంతో ఆ కంప్యూటర్ అక్కకు అక్కర లేకపోయింది. పెద్దబాపుకు చాలా అక్కర ఉండింది.

ఆటలోని దారులు ఏ చల్లని దేశానివో. పెద్దబాపు మాత్రం తన పాత రూటులోని ఊళ్లను తలచుకుని మొదటి మలుపుకు ములుగని, రెండోదానికి పస్రా అని పేర్లు పెట్టుకున్నాడు. ఒకరోజు దారంతా మంచు కురిసింది.

"తాడ్వాయి కాడ చలి జరెక్కువున్నది ఇయ్యాల," అని పెద్దమ్మతో చెప్పాడు.

"స్వెటర్ ఏసుకోకపోయినవ్?" అన్నది ఆమె.

కిందటేడు దసరా దులుపుడులో అటక మీది ఇత్తడి బిందె జారి మానిటర్ మీద పడింది. బిందె తనంతట తనే పడిందని పెద్దమ్మ వాదన. పెద్దబాపు వాదించలేదు. కొత్తది కొనడానికి అంత మంచి కారణం మళ్లీ దొరకదని ఆయనకు తెలుసు.

సుబేదారిలో ఖాజా మొహినుద్దీన్ గారికి కంప్యూటర్ల దుకాణం ఉంది. ఆయనదో నియమం: ఆటలకు మానిటర్ కావాలంటే ముందు కంప్యూటర్ డబ్బా తెచ్చి చూపించాలి. చూడకుండా అమ్మడు. అందుకని డబ్బాను దుప్పట్లో చుట్టి, ఆటోలో నా ఒళ్లో పెట్టి, పెద్దబాపు నన్ను వెంట తీసుకుపోయాడు. నేను చదువుకున్నదాన్నని ఆయన నమ్మకం. నేను చదివింది ఎం.ఏ. తెలుగు. అందులో మానిటర్ల పాఠం లేదు.

"ఖాజాభాయ్, అన్నిట్ల పెద్దదియ్యి," అన్నాడు పెద్దబాపు, గోడకున్న ముప్పై రెండించుల ఫోర్కే మానిటర్‌ను చూపిస్తూ.

ఖాజాభాయ్ దుప్పటి విప్పి డబ్బా వెనక్కి తిప్పాడు. కింది భాగంలో అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు మీద వేలు పెట్టాడు. "యాకన్నా, ఇగో ఇది నీ ఇంజన్. బొమ్మలు గీసేది ఇదే. మానిటరంటే ముందద్దం. పల్లెవెలుగు ఇంజన్‌కు ఏసీ బస్సు అద్దం బిగిస్తవా?"

"బిగిస్తే ఏమైతది?"

"అద్దంల ఎన్ని చుక్కలుంటె ఇంజన్ అన్ని గీయాలె, ఫోర్కే అంటె శాన చుక్కలు. గా ఫోర్కేకు నీ ఇంజన్ సెకనుకు ముప్పై బొమ్మలు గీసేటాల్లకే రొప్పుతది. బస్సు కుంటుకుంట పోతది."

పెద్దబాపు ముఖం చిన్నబోయింది. పక్కనున్న చిన్న మానిటర్ మీద రెండు వందల నలభై హెర్ట్జ్ అని రాసి ఉండటం చూసి మళ్లీ వెలిగింది. "అయితె గిదియ్యి. నంబరు పెద్దగున్నది."

"గది సెకనుకు రెండొందల నలభై సార్లు బొమ్మ మారుస్తది. తుపాకులాటోళ్లకు కావాలె. నువ్వు ఎవల్ని కాలుస్తవ్ అన్నా? నీది బస్సాయె!"

చివరికి ఖాజాభాయ్ చెప్పిందే తీసుకున్నాం: ఇరవై ఏడించులది, ఫోర్కే కంటే ఒక మెట్టు కింద టూకే, నూట అరవై అయిదు హెర్ట్జ్. ఆ కార్డుకు సరిజోడి అన్నాడు. జాతకాలు కలిసినట్టు పెద్దబాపు తృప్తిపడ్డాడు.

దసరా రెండు రోజుల్లోనే ఉంది. ఇరవై ఆరు దసరాలు బస్సుకు పూజ చేసిన చెయ్యి ఊరుకుంటుందా! మానిటర్‌కు బంతిపూల దండ పడింది. కుర్చీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కూర్చుని ముందుకు జరిగి తొక్కించాడు. కుర్చీకి అయిదు చక్రాలుంటాయని అప్పుడే అందరికీ తెలిసింది. అయిదో చక్రానికి నిమ్మకాయ లేదు; మిగిలిన ఒక్కటీ పెద్దమ్మ పులిహోరకు దాచుకుంది. ఇక బస్సు పూజలో ముఖ్యమైంది ఇంజన్. పెద్దబాపు డబ్బా వెనక్కి తిప్పి, ఖాజాభాయ్ వేలు పెట్టిన చోట గంధం అడ్డంగా పూసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టాడు.

తర్వాత మానిటర్ తీగ తగిలించాలి. అది పట్టే సందు డబ్బాకు పైన ఒకటుంది, కింద కార్డుకు మూడున్నాయి. కింది మూడూ గంధంలో ఉన్నాయి. బండికి పెట్టిన బొట్టు చేత్తో తుడవకూడదు, దానంతటదే పోవాలి. బొట్టులోకి తీగ గుచ్చడమా? పెద్దబాపు పైదాన్లో పెట్టాడు. తెర వెలిగింది. నేను పక్కనే ఉన్నాను. నాకూ అదే సబబనిపించింది.

ఆ సాయంత్రం బస్సు ములుగు దాకా కూడా సరిగ్గా పోలేదు. చెట్లు ఆగి ఆగి కదిలాయి. మలుపు కనిపించేసరికే బస్సు పొలంలో ఉంది. పెద్దబాపు కాసేపు చూసి, "బిడ్డా, నీకెట్ల కనపడతాంది?" అని అడిగాడు.

అంత మురిపెంగా తెచ్చుకున్న వస్తువు. ఆయన మనసు నొప్పించలేక, "మంచిగనే ఉన్నది పెద్దబాపు," అన్నాను.

ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో నాకు వెంటనే తెలియలేదు. మూడో రోజు చూస్తే ఆయన కుడికన్ను మూసి ఒకసారి, ఎడమకన్ను మూసి ఒకసారి తెర చూస్తున్నాడు. అయిదో రోజు కంటి దవాఖానలో ఆర్నెల్ల పరీక్ష ఉంటే పోలేదు. ఆ పొద్దున స్కూటర్ తాళం తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టాడు.

"ఇగ నేను తోల. ఆటోల పోత."

"ఎందుకయ్యా?"

"కండ్లు ఇంకింత పోయినయే. ఆ పిల్లకు మంచిగ కనపడతాంది, నాకు బండి ఎగిరెగిరి పడతాంది. దవాఖానకు పోతె టైర్ల కాడ గూడ వద్దంటరు."

పెద్దమ్మ తాళం కొంగున ముడేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కొత్తవాళ్లకు ఫోన్ చేయాలంటే నేను ముందు కాగితం మీద రాసుకుంటాను. ఆ రోజు రాసుకోకుండానే ఖాజాభాయ్‌కి చేశాను. నాకూ ఆగి ఆగే కనిపిస్తోందని, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. "ఫికర్ చెయ్యకు బేటా, జుమ్మా నమాజయినంక వస్త," అన్నాడాయన.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. ఆట పెట్టించి రెండు నిమిషాలు చూశాడు. డబ్బా వెనక్కి వంగాడు. వంగినవాడు ఎంతకీ లేవలేదు. భుజాలు కదులుతుంటే ఏదో అయిందని కంగారుపడ్డాను. నవ్వుతున్నాడు.

"యాకన్నా! ఇంజన్‌కు గంధం పూసి కూసోవెట్టినవ్, బండిని తోసుకుంట పోతానవ్! తీగ ఇంజన్‌కు పెట్టాలె అన్నా. పైదాంట్ల పెడితె లోపలున్న చిన్న మోటరే గుంజుతది, అసలు ఇంజన్‌కు పనే లేకపాయె!"

పెద్దబాపు కుర్చీ ఇటు తిప్పాడు. తర్వాత మెల్లగా, "అంటె... నా కండ్లు గాదా?" అన్నాడు.

"నా కండ్లకు గూడ ఎగిరే కనపడ్డది. నాకు షుగర్ గూడ లేదాయె!"

ఇక బొట్టు సంగతి తేలాలి. ఖాజాభాయ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నేను ముట్ట. మీ పూజ, మీ ఇష్టం." పెద్దబాపు ససేమిరా అన్నాడు. ఇరవై ఆరేళ్లలో ఏనాడూ తుడవలేదట.

"బస్సు బొట్టును వాన కడుగుతది," అన్నది పెద్దమ్మ. "ఇంట్ల ఉన్న డబ్బకు వానెక్కడిదయ్యా? వచ్చే దసరాదాక గిట్లనే కూసుంటవా?" అని వంటింట్లోంచి తడిగుడ్డ పట్టుకొచ్చింది.

"తడిది వద్దు!" అని మగవాళ్లిద్దరూ ఒకేసారి అరిచారు. ఆమె గుడ్డ పారేసి, దేవుడి దగ్గర వత్తుల కోసం పెట్టుకున్న పొడిదూది తెచ్చింది. దేవుడి దూదితో తీస్తే తప్పు లేదని తనే తీర్పిచ్చి, తనే గంధం గీకి తీసింది. ఖాజాభాయ్ పుల్లతో సందులు శుభ్రం చేసి తీగ కిందికి మార్చాడు.

బస్సు కదిలింది. చెట్లు నూనె పోసినట్టు జారిపోయాయి. దూరాన ఉన్న బోర్డు మీది అంకెల్ని పెద్దబాపు పైకి చదివాడు: "నలభై రెండు కిలోమీటర్లు." నేను తొంగి చూశాను. నలభై రెండే. ములుగు దాటింది, పస్రా దాటింది. చాయ్ చల్లారిందని ఖాజాభాయ్ రెండోది అడిగి తాగాడు.

సోమవారం పెద్దబాపు దవాఖానకు పోయాడు. నేనూ వెంట వెళ్లాను. ఆర్నెల్ల కింద ఎంత చూపుందో అంతే ఉందని డాక్టరమ్మ చెప్పింది. "మరి ఆ రోజే ఎందుకు రాలేదు?" అని ఆమె అడిగితే, "బండి రిపేర్ల ఉండె మేడం," అన్నాడు.

పెద్దబాపుకు ఇప్పుడు యాభై ఆరేళ్లు. పొద్దున ఎనిమిదింటికి మళ్లీ స్కూటర్ మీదే డిపోకు పోతాడు. కంటి పరీక్షకు ఆర్నెల్లకోసారి, ఎవరూ గుర్తు చేయకుండానే వెళ్తున్నాడు.